అడిగిన ఒక్కరికే తిరిగి ఇస్తే సరిపోదు: బ్యాంకు జరిమానాలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన చీఫ్ కమిషనర్ గారికి, కమిషనర్లకు,

నమస్కారం. పొదుపు ఖాతాలో కనీస నిల్వ లేదన్న కారణంతో బ్యాంకులు వసూలు చేసిన జరిమానాల విషయంలో, వినియోగదారుల రక్షణ చట్టం-2019 మీ సంస్థకు ఇచ్చిన ఒక అధికారాన్ని ఉపయోగించవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఒకే రకంగా నష్టపోయిన ఖాతాదారులందరి తరఫునా మీరే ఫిర్యాదుదారుగా వినియోగదారుల కమిషన్ ముందు నిలబడవచ్చునన్నది ఆ అధికారం. ఈ జరిమానాల మీద ఇంతకాలం ఖాతాదారులు ఎవరికి వారే పోరాడారు. కొందరు గెలిచారు కూడా. అయితే వారి గెలుపు వల్ల పక్కవాడికి ఒక్క రూపాయి మేలు జరగలేదు. ఎందుకు జరగలేదో, మీరు పూనుకుంటే తప్ప ఇకముందు కూడా ఎందుకు జరగదో వివరించడమే నా ఉద్దేశం.

నేను బ్యాంకు ఉద్యోగం నుంచి విరమణ పొందినవాడిని. మా ఊళ్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ డబ్బు కట్ అయినవాళ్లు పాస్‌బుక్కు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వారిలో ఒకాయన కొంతకాలం హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగా పనిచేసి, ఆరోగ్యం బాగుండక తిరిగి వచ్చేశారు. కంపెనీవాళ్లు ఒక ప్రైవేటు బ్యాంకులో తెరిపించిన జీతం ఖాతా ఆయన ఉద్యోగం మానగానే మామూలు పొదుపు ఖాతాగా మారిపోయింది. దానికి కనీస నిల్వ షరతు ఉన్నదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. కొడుకు కాలేజీ ఫీజు కోసం బావమరిది ఆ ఖాతాకు 6,000 రూపాయలు పంపించారు. డబ్బు పడిన తేదీనే పాస్‌బుక్కులో వరుసగా నాలుగు పద్దులు వేసి ఉన్నాయి, ఒక్కొక్కటి 590 రూపాయలు. అందులో 500 జరిమానా, 90 జీఎస్టీ. గడిచిన నాలుగు త్రైమాసికాల జరిమానాను బాకీగా నిలిపి ఉంచి, డబ్బు కనపడగానే ఒక్కసారిగా లాగేసుకున్నారు. మా బ్యాంకు భాషలో దీన్ని లీన్ పెట్టడం అంటాం. ముందుగా నోటీసు ఇచ్చారా అని బ్రాంచిలో అడిగితే, ఎస్సెమ్మెస్ పంపామన్నారు. అది వెళ్లింది కంపెనీ ఇచ్చిన పాత నంబరుకు, రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయిన సిమ్‌కు.

కనీస నిల్వ జరిమానాలపై రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వును ఉటంకిస్తూ ఒక ఉత్తరం రాసి ఇచ్చాం. కొద్ది రోజులకు 2,360 రూపాయలూ ఖాతాలో తిరిగి పడ్డాయి. దానితో వచ్చిన జవాబులో "సద్భావనతో, ప్రత్యేక మినహాయింపుగా" అన్న మాటలు ఉన్నాయే తప్ప, తప్పు జరిగిందని గానీ నిబంధన మీరామని గానీ ఎక్కడా లేదు. అదే కంపెనీలో పనిచేసి, అదే బ్యాంకులో ఖాతా ఉండి, అదే విధంగా డబ్బు పోగొట్టుకున్న మరో ఇద్దరు ఉత్తరం రాయలేదు కాబట్టి వారికి ఏమీ రాలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కానీ అమ్మ మన దగ్గర లాక్కున్న అన్నాన్ని తిరిగి పెట్టమని అడిగే పరిస్థితి ఎవరికీ రాదు కదా.

ఇవి ఒక్కొక్కరికి వందల్లో, మహా అయితే వేలల్లో ఉండే మొత్తాలు. కలిపి చూస్తే లెక్క వేరు. 2018 నుంచి ప్రభుత్వ రంగ బ్యాంకులు, ఐదు పెద్ద ప్రైవేటు బ్యాంకులు కలిసి కనీస నిల్వ జరిమానాల కింద 21,000 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేశాయని కేంద్ర ఆర్థిక శాఖ 2023 ఆగస్టులో రాజ్యసభకు తెలిపింది. 2019-20 నుంచి 2023-24 వరకు ఐదేళ్లలో ప్రభుత్వ రంగ బ్యాంకులే దాదాపు 8,500 కోట్లు వసూలు చేశాయని 2024 జులైలో లోక్‌సభకు చెప్పింది. దేశంలోకెల్లా పెద్దదైన స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే ఈ జరిమానా ఎత్తివేసింది కాబట్టి, ఆ ఐదేళ్ల లెక్కలో అధిక భాగం తక్కిన బ్యాంకులదేనని గమనించాలి. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఇండియన్ బ్యాంకు కూడా ఎత్తివేశాయి. సంతోషమే. అయితే ఆ రద్దు అప్పటి నుంచి ముందుకు మాత్రమే వర్తిస్తుంది. అంతకుముందు తీసుకున్నదాని మాట ఎవరూ ఎత్తలేదు.

ఖాతా నడపడానికి బ్యాంకుకు ఖర్చవుతుందన్నది నిజం. ఉద్యోగిగా ఆ ఖర్చులు నేను ఎరుగుదును. డీడీకి, లాకర్‌కు, చెక్కు పుస్తకానికి రుసుము తీసుకుంటే తప్పుపట్టేవాడిని కాను. కానీ సేవకు తీసుకునే రుసుము వేరు, డబ్బు లేనందుకు వేసే జరిమానా వేరు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో రిజర్వ్ బ్యాంకే ఒకప్పుడు స్పష్టంగా చెప్పింది. ఖాతాదారు ఇబ్బందినో ఏమరుపాటునో బ్యాంకులు అనుచితంగా వాడుకోరాదనీ, నిల్వ తగ్గితే జరిమానా వేయడానికి బదులు సేవలను కనీస నిల్వ అక్కర్లేని ప్రాథమిక పొదుపు ఖాతా స్థాయికి తగ్గించి, నిల్వ పెరగగానే పునరుద్ధరించాలనీ 2014 ఏప్రిల్ ద్రవ్య విధాన ప్రకటనలో పేర్కొంది. అదే ఏడాది నవంబరు 20న వెలువడిన ఉత్తర్వు మాత్రం జరిమానాకు చోటిచ్చి, దానికి కొన్ని షరతులు పెట్టింది. నిల్వ తగ్గిందని ఎస్సెమ్మెస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా ఖాతాదారుకు తెలియజేయాలి. ఆ తరువాత నెల గడువులోగా నిల్వ సరిచేయకపోతేనే జరిమానా వేయాలి. అది తగ్గిన మొత్తానికి అనుపాతంలో, ఒక స్థిరమైన శాతంగా ఉండాలి. సేవకయ్యే సగటు ఖర్చుకు పొంతన లేకుండా ఉండకూడదు. కేవలం ఈ జరిమానా వల్ల ఖాతా నిల్వ మైనస్‌లోకి పోకూడదు. ఇవి 2015 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

మళ్లీ ఆ పాస్‌బుక్కు దగ్గరకు వద్దాం. ఖాతాను కాగితం మీద మైనస్‌లోకి పోనివ్వలేదు. మైనస్ కావలసిన మొత్తాన్ని పక్కన బాకీగా రాసి పెట్టుకుని, తరువాత వచ్చిన డబ్బులోంచి తీసుకున్నారు. నిబంధన అక్షరాలను అలా కాపాడి, దాని ప్రయోజనాన్ని పూర్తిగా ఎగ్గొట్టారు. ఈ పద్ధతి నిబంధనకు లోబడినదా కాదా అన్న ప్రశ్నకు ఒక్క కమిషనైనా దేశమంతా పాటించవలసిన రీతిలో జవాబు చెప్పాలంటే, ముందుగా ఆ ప్రశ్న కమిషన్ దాకా చేరాలి. అది చేరకుండానే 2,360 రూపాయలు వెనక్కి వచ్చేశాయి. "నెలాఖరున సిస్టమే వేస్తుంది సార్, మా చేతిలో ఏముంది" అనే బ్రాంచి, గట్టిగా అడిగినవాడికి మాత్రం రివర్స్ చేయగలుగుతోంది. పోరాడే ఓపిక ఉన్న వందమందికి తిరిగి ఇచ్చినా, లక్షలమంది దగ్గర వసూలు కొనసాగినంతకాలం బ్యాంకుకు అది లాభసాటి బేరమే.

ఓపిక ఉన్నవారికి కూడా దారి సులువుగా లేదు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అధికారిని, అంటే అంబుడ్స్‌మన్‌ను, ఆశ్రయించవచ్చు. రుసుము లేని ఆ సదుపాయం మంచిదే, చాలామందికి నేనే ఫిర్యాదులు రాసిపెట్టాను. కానీ 2021 నాటి సమీకృత అంబుడ్స్‌మన్ పథకం ప్రకారం బ్యాంకు వ్యాపార విచక్షణతో తీసుకున్న నిర్ణయాలపై ఫిర్యాదులు పరిధిలోకి రావు. నోటీసు ఇవ్వలేదంటే అంబుడ్స్‌మన్ వింటారు. అసలు ఆ షరతే అన్యాయమంటే వినరు.

ఇక వినియోగదారుల కమిషన్. బ్యాంకింగ్ సేవ ఈ చట్టం పరిధిలోనిదేనని నిర్వచనంలోనే ఉంది. ప్రతిఫలం, అంటే సేవకు చెల్లించిన సొమ్ము, 5 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో రుసుము లేదు, ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు, ఖాతాదారు తానుంటున్న జిల్లాలోనే వేయవచ్చు. రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వును ఉల్లంఘించారన్న ఆరోపణ సేవా లోపం కిందికి వస్తుంది కాబట్టి జిల్లా కమిషన్ చాలు. కానీ ఒప్పందంలోని షరతే అన్యాయమైనదని ప్రకటించాలంటే, 2019 చట్టం ఆ అధికారాన్ని జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. 47వ సెక్షన్ ప్రకారం అది రాష్ట్ర కమిషన్ పని, 10 కోట్లు దాటితే జాతీయ కమిషన్ పని. 590 రూపాయలు పోగొట్టుకున్న మనిషి ఆ 590 ఎందుకు అన్యాయమో తేల్చుకోవడానికి రాష్ట్ర కమిషన్ మెట్లెక్కాలి. వకీలును పెట్టుకుంటే మొదటి వాయిదా ఫీజుకే ఆ మొత్తం చాలదు. పైగా 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల కాలపరిమితి ఉంది. తగిన కారణం చూపిస్తే జాప్యాన్ని మన్నించవచ్చునని చట్టంలో ఉన్నా, ప్రతి నెల గడిచేకొద్దీ పాత జరిమానాలు ఒక్కొక్కటిగా గడువు దాటిపోతున్నాయన్నది వాస్తవం.

ఈ పోరాటం మన దేశంలోనే మొదలు కాలేదు. బ్రిటన్‌లో 2006, 2007 సంవత్సరాల్లో వేలాదిమంది ఖాతాదారులు, ఖాతాలో ఉన్నదానికి మించి వాడినప్పుడు బ్యాంకులు వేసిన జరిమానాలను తిరిగి ఇమ్మంటూ కౌంటీ కోర్టుల్లో చిన్న చిన్న దావాలు వేశారు. విచారణ తేదీ దగ్గరపడగానే బ్యాంకులు చాలామందికి డబ్బు ఇచ్చేసి తీర్పు రాకుండా చూసుకున్నాయి. మన బ్రాంచి రాసిన "ప్రత్యేక మినహాయింపు" ఉత్తరం చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే. చివరకు అక్కడి న్యాయమైన వర్తక పర్యవేక్షణ సంస్థ, ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్, ఏడు బ్యాంకుల మీద, ఒక గృహ రుణ సొసైటీ మీద 2007 జులైలో ఒక నమూనా వ్యాజ్యం నడపడానికి పూనుకుంది. తక్కిన దావాలన్నీ ఆ తీర్పు కోసం ఆగిపోయాయి. హైకోర్టులో, అప్పీలు కోర్టులో సంస్థే గెలిచింది. 2009 నవంబరు 25న సుప్రీంకోర్టు మాత్రం, ఆ జరిమానాలు ఖాతా సేవలన్నింటికీ ఖాతాదారు చెల్లించే ధరలో భాగమనీ, ధర ఎక్కువన్న ప్రాతిపదికన న్యాయాన్యాయాలు చూసే అధికారం నాటి నిబంధనల ప్రకారం ఆ సంస్థకు లేదనీ తేల్చింది. జరిమానాలు న్యాయమైనవేనని కోర్టు అనలేదు. ఆ ప్రశ్నే తమ ముందు లేదని విడమరిచి చెప్పింది. అయినా ఆగి ఉన్న దావాల్లో చాలావాటికి ఆధారం పోయింది. మరో పదేళ్లకు, 2020 ఏప్రిల్ నుంచి, వేరొక నియంత్రణ సంస్థ ఆ తరహా స్థిర జరిమానాలను నిషేధించింది. అప్పటికి పాత డబ్బు సంగతి ముగిసిపోయింది.

ఆ ఓటమిని చూపించి మీకు వెనకడుగు వేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. నాకు మాత్రం అందులో ఒక్క విషయమే ముఖ్యంగా కనిపిస్తుంది: ఏ ప్రశ్న అడగాలో ముందే సరిగ్గా ఎంచుకోవాలి. మన చట్టం ఆ ప్రశ్నను బ్రిటన్ నిబంధనల కన్నా నేరుగా అడగనిస్తుంది. 2(46) సెక్షన్‌లో అన్యాయమైన ఒప్పందానికి ఇచ్చిన నిర్వచనంలో, ఒప్పందం ఉల్లంఘన వల్ల అవతలి పక్షానికి కలిగిన నష్టానికి ఏ మాత్రం పొంతన లేని జరిమానా విధించడం ఒకటి. వినియోగదారుకు ప్రతికూలంగా ఉండే అసమంజసమైన రుసుము విధించడం మరొకటి. ఖాతాలో 10,000కు బదులు 40 రూపాయలు ఉంటే బ్యాంకుకు మూడు నెలల్లో ఎంత నష్టం? మిగతా 9,960 రూపాయలను వాడుకుని బ్యాంకు సంపాదించగలిగిన వడ్డీ తేడా ఎంత? వందల్లో ఉంటుందని ఏ బ్యాంకరూ ప్రమాణం చేసి చెప్పలేడు. అదీగాక బ్యాంకులే దీన్ని సేవా ధర అనకుండా కనీస నిల్వ పాటించనందుకు వేసే చార్జీ అంటూ తమ చార్జీల పట్టికలో రాసుకుంటున్నాయి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కూడా, ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది.

ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలుసు. క్రెడిట్ కార్డు బకాయిలపై ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ కమిషన్ 2008 జులైలో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. ఇరుపక్షాలు అంగీకరించిన షరతులను కమిషన్ తిరగరాయరాదని చెప్పింది. ఈ తీర్పు మీ దారికి అడ్డమని బ్యాంకులు తప్పక వాదిస్తాయి. అయితే ఆ వివాదం వడ్డీ గురించి. వడ్డీ రేటు ఎక్కువన్న కారణంతో కోర్టులు లావాదేవీని తిరగదోడరాదని బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 21ఏ సెక్షన్ నిషేధిస్తోంది. కనీస నిల్వ జరిమానా వడ్డీ కాదు. అదీగాక 2008 నాటి తీర్పు 1986 చట్టం కింద వచ్చింది. అన్యాయమైన ఒప్పందం అన్న భావనే ఆ చట్టంలో లేదు. అన్యాయమైన షరతును చెల్లనిదిగా ప్రకటించే అధికారాన్ని 2019లో పార్లమెంటే రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఇచ్చింది. కనీస నిల్వ జరిమానాను ఆ కొత్త చట్టం వెలుగులో పరీక్షించవలసిన అవసరం ఇంకా మిగిలే ఉంది.

ఇది రిజర్వ్ బ్యాంకు చూసుకోవలసిన వ్యవహారం కదా అని మీరు అనవచ్చు. కనీస నిల్వ ఎంత ఉండాలన్నది బ్యాంకుల నిర్ణయానికే వదిలేశామని, అది నియంత్రణ పరిధిలోకి రాదని రిజర్వ్ బ్యాంకు గవర్నరు 2025 ఆగస్టులో స్వయంగా చెప్పారు. ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు నగరాల్లో కొత్త ఖాతాలకు కనీస నిల్వను 50,000 రూపాయలకు పెంచి, జనం నుంచి నిరసన రాగానే 15,000కు దించిన సందర్భమది. నియంత్రణ సంస్థ తన పరిధి కాదన్న చోట వినియోగదారుల చట్టం కూడా మౌనం వహిస్తే, ఖాతాదారుకు మిగిలేది బ్యాంకు దయ ఒక్కటే.

మీ సంస్థకు ఇటువంటి పని కొత్త కూడా కాదు. హోటళ్లు బిల్లులో తమంత తామే సర్వీస్ చార్జీ కలపరాదని 2022 జులై 4న మీరు మార్గదర్శకాలు ఇచ్చారు. రెస్టారెంట్ల సంఘాలు సవాలు చేస్తే ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2025 మార్చిలో మీ అధికారాన్ని సమర్థించింది. దోసె తిని వచ్చినవాడి బిల్లులో కలిపిన పది శాతాన్ని ప్రశ్నించిన సంస్థ, ఖాళీ ఖాతా మీద వేసిన 590 రూపాయలను ప్రశ్నించకపోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

ఒకేసారి అన్ని బ్యాంకుల మీద, అన్ని రకాల చార్జీల మీద వెళ్లమని నేను కోరడం లేదు. 19వ సెక్షన్ కింద ప్రాథమిక విచారణ జరిపించండి. నోటీసు పంపకుండా, లేదా పనిచేయని నంబరుకు పంపి, ఎన్ని ఖాతాల నుంచి వసూలు చేశారో, జీతం ఖాతా మామూలు ఖాతాగా మారినప్పుడు ఎందరికి తెలియజేశారో, ఎన్ని ఖాతాలపై బాకీ నిలిపి తరువాత పడిన డబ్బులోంచి లాగారో బ్యాంకుల నుంచి లెక్కలు తెప్పించండి. ఈ లెక్కలు బ్యాంకుల కంప్యూటర్లలో ఖాతా వారీగా ఉన్నాయి. ఖాతాదారుకు అవి ఎప్పటికీ దొరకవు, మీరు అడిగితే ఇవ్వక తప్పదు. ఉల్లంఘన స్పష్టంగా ఉన్న ఒక వర్గాన్ని, ముఖ్యంగా జీతం ఆగిపోయిన ఖాతాలవారిని, ఎంచుకుని వారందరి తరఫునా హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ రాష్ట్ర కమిషన్ ముందు ఫిర్యాదు వేయండి. ఫిర్యాదులో మొదటి అభ్యర్థన రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వు ఉల్లంఘన మీద, రెండోది 2(46) మీద ఉండాలి. మొదటిదానిలో గెలిస్తే డబ్బు వస్తుంది, రెండోదానిలో గెలిస్తే షరతు పోతుంది. తిరిగి చెల్లింపు విషయంలో ఖాతాదారు దరఖాస్తు చేసుకోవాలన్న మెలిక లేకుండా, వసూలు చేసిన ఖాతాలోకే నేరుగా జమ చేయాలని కోరండి. నిర్దేశిత డిజిటల్ చెల్లింపులపై 2020 జనవరి 1 నుంచి వసూలు చేసిన రుసుములను వెనక్కి ఇమ్మని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అదే ఏడాది ఆగస్టు 30న ఆదేశించింది కాబట్టి, బ్యాంకులకు ఇది చేతకాని పని అనడానికి వీలు లేదు.

విచారణ మధ్యలో కొందరికి డబ్బు ఇచ్చేసి ఫిర్యాదును చల్లార్చే ప్రయత్నం తప్పకుండా జరుగుతుంది. దానికి మీరు ఒప్పుకోవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. ఒక ఖాతాదారు ఆ సొమ్ము తీసుకుని ఊరుకోక తప్పదు, ఇంట్లో అవసరం ఉంటుంది. మీకు ఆ అవసరం లేదు.

ఖాతాదారుల అనుమతితో నా దగ్గర ఉంచిన పాస్‌బుక్కు నకళ్లు, బ్యాంకులకు రాసిన ఉత్తరాలు, వచ్చిన జవాబులు మీ విచారణాధికారులు ఎప్పుడు కోరినా అందజేయడానికి సిద్ధంగా ఉన్నాను. వాటిలో కొన్నింటికి రెండేళ్ల గడువు ఈ ఏడాదిలోనే తీరిపోతుంది కాబట్టి, ఫిర్యాదు వేసే ఉద్దేశం మీకు ఉన్నదో లేదో త్వరగా తెలియజేయగలరు. లేదన్న పక్షంలో, ఆ ఖాతాదారులను జిల్లా కమిషన్‌లో 35వ సెక్షన్ కింద అనుమతి తీసుకుని ఉమ్మడి ఫిర్యాదు వేయడానికి సిద్ధం చేసుకోవలసి ఉంటుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
ఖమ్మం జిల్లా, తెలంగాణ